తేడా తేలలేదు

అది మొదలైంది ఒక సోమవారం పొద్దున పదిన్నరకు, ప్రత్యేక రాష్ట్రం కోసం జరిగిన సమ్మెలో హైదరాబాదు కాలేజీ మూతబడి మా తమ్ముడి కూతురు ల్యాప్‌టాప్‌తో సహా జనగామలో దిగిన మర్నాడు. మొన్న ఒక పెళ్ళి సారెలో వచ్చిన సకినాలు పళ్ళెంలో అన్నీ ఒకే కొలతతో కనిపించేసరికి ఆ గంటతో సహా అంతా గుర్తొచ్చి, ఇన్నేళ్ళ తర్వాత కూడా ఒళ్ళు మండింది.

మా తమ్ముడికి జనగామలో పిండివంటల కొట్టు ఉండేది, మానుకోట అనే మహబూబాబాదులో ఇంకొకటి, భూపాలపల్లిలో మరొకటి. లెక్కలు నావి, సకినాలు మా అక్కవి. పిండిని వేళ్ళ మధ్య మెలిపెడుతూ గుడ్డ మీద నాలుగు చుట్లు తిప్పే పని అక్కా, ఆమె దగ్గర మరో నలుగురు ఆడవాళ్ళూ చేసేవారు. తమ్ముడు మిషను కొందామన్నాడు, మిషను వస్తే తాను ఈ గడప తొక్కనని అక్క అన్నది. కొనేవాళ్ళు దేన్ని ఎక్కువ కొంటారో లెక్కలో చూద్దామని మేనకోడలు మధ్యలోకి వచ్చింది.

ఒక వారం చేతి సకినాలు, ఒక వారం తెలిసినవాళ్ళ మిషను మీద చేయించినవి అమ్మి, రోజుకెన్ని కిలోలు పోయాయో ఎక్సెల్‌లో రెండు నిలువు వరుసలుగా రాయాలి. రెండు సగటుల మధ్య తేడా నిజమైనదా, మామూలు హెచ్చుతగ్గుల్లో వచ్చిందా అన్నది టీ-టెస్టు చెబుతుంది. ఆఖరున వచ్చే అంకె 0.05 కన్నా తక్కువుంటే తేడా ఉన్నట్టు లెక్క. ఇదంతా ఆ వయసులో నేర్చుకున్నాను. చిట్టాలో ఖాళీ వదలడం నా చేతికి రాదు గనుక బంద్ రోజుల ఎదుట సున్నాలు పెడితే, పిల్ల వాటిని తుడిపేసింది.

"సున్నా అంటే కొట్టు తెరిచినా ఎవ్వలు కొనలేదని అత్తా. బంద్ నాడు మనమే తెరువలేదు గద!"

ఒప్పుకున్నాను గాని, ఆ ఖాళీలే మమ్మల్ని ముంచాయి. రైళ్ళు ఆగితే మానుకోటకు సరుకు పోలేదు, బస్సులు ఆగితే భూపాలపల్లికి పోలేదు. జనగామలో నిరసనగా రోడ్డు మీదే వండుకు తిన్న వంటావార్పు నాడు అక్క గంపెడు సకినాలు పంపితే క్షణంలో ఖాళీ అయ్యాయి, కానీ అది అమ్మకం కాదు కాబట్టి ఏ వరుసలోనూ చేరలేదు. చివరికి మిగిలిన కొద్ది రోజులకే సూత్రం వేస్తే, చేతి సకినాల సగటు ఎక్కువే ఉన్నా, అంకె 0.05 దాటింది.

"తేడా ఉన్నట్టు తేలలేదు బాపు. ఇంకో రెండు నెలలు చూడాలె."

"తేలలేదంటే లేదన్నట్టే గద బిడ్డా!"

తేలకపోవడం వేరు, లేకపోవడం వేరని పిల్ల చెప్పింది, నేనూ అదే మాట మీద గొంతు చించుకున్నాను. నీకు లెక్క కాదు, అక్క కావాలె అని తమ్ముడు నన్ను దెప్పాడు. పిండి చేతులతోనే అక్క గుమ్మంలోకి వచ్చి ల్యాప్‌టాప్‌ను చూపించింది.

"ఆ డబ్బాకు పండ్లున్నయారా? కొరికి చూసి చెప్పిందా?"

అందరం నవ్వాము, తమ్ముడు కూడా. మరుసటి నెలలో మిషను వచ్చింది.

ఎప్పుడడిగినా, కంప్యూటరును అడిగే చేశానంటాడు తమ్ముడు. అది చెప్పని మాటను దాని నోట్లో పెట్టి ఇన్నేళ్ళు నిశ్చింతగా ఉన్న మనిషితో ఏం వాదించను? రాష్ట్రం వచ్చింది, ఆ పిల్లే ఇప్పుడు పెద్ద ఉద్యోగంలో ఉంది, ఈనాటి పిల్లలు ఆ లెక్కను ఫోనులోనే వేస్తారట. "ఇంకా తెలియదు" అంటే కాసేపు ఆగే మనుషులు మాత్రం నాకు అప్పుడు దొరకలేదు, ఇప్పుడూ కనబడరు.

పోయినవి ఇవి. నలుగురు ఆడవాళ్ళ పని. ఏడాది తిరగకుండా భూపాలపల్లి కొట్టు, అది మిషను వల్లనేనని నేననను. తమ్ముడింటికి అక్క రాకపోకలు. చేతి సకినాల వరుస, ఇక అందులో రాయడానికి ఏమీ లేదు గనుక ఆ లెక్క ఎన్నటికీ తేలదు.