వాలు అక్షరాల్లో ఒక పుట్టినరోజు

కరోనా సద్దుమణిగి ఫ్లెక్సీ షాపులు మళ్లీ ఊపందుకున్న ఏడాది. తిరుపతి బస్టాండు వెనక వీధిలో నాది చిన్న డిజైనింగ్ షాపు. పుట్టినరోజు, కబడ్డీ టోర్నమెంటు, నాయకుడికి స్వాగతం, ఏదైనా సరే, నా చెయ్యి ముందు పోయేది ఒకే రకం అక్షరం మీదికి. బోల్డ్ కండెన్స్‌డ్ ఇటాలిక్ అంటాం. లావుగా, పక్కలు నొక్కినట్టు, ముందుకు వాలి ఉంటాది; కొసల్లో తోకలూ సోకులూ ఉండవు. ఎంత పొడుగు పేరైనా ఇరుకు జాగాలో పడతాది, పోయే బస్సులోంచి కూడా చదవొచ్చు. నివాళి ఫ్లెక్సీకి మాత్రం దాన్ని ముట్టుకోం. పోయినోళ్లకు నిలువు అక్షరాలే. ఈ రూలు ఎవరు పెట్టినారో తెలియదు గానీ, తప్పితే ఇంటోళ్లు షాపు మీదికొస్తారు.

వడమాలపేట నుంచి రేవతి అని ఒకామె వచ్చింది. భర్త మురుగేశు లారీ డ్రైవరు. లోడుతో పోయినవాడు ఏడాదిగా ఇంటికి రాలేదు. లారీ మాత్రం దొరికింది.

"మా బావ నివాళి ఫ్లెక్సీ కట్టించి కర్మ చేసేద్దామంటాడన్నా. నేను ఒప్పుకోలా. వచ్చే వారం ఆయన పుట్టినరోజు. ఆ పరిగెత్తే అక్షరాలతోనే వెయ్యి. పూతలపట్టు కూడలిలో కట్టిస్తా, లారీలోళ్లంతా సూస్తారు."

ఆమె తెచ్చిన ఫోటోలో ఆయన భుజం మీద ఈమె చెయ్యి ఉండాది. డిజైనుకు అడ్డమని చెరిపేసినాను. జన్మదిన శుభాకాంక్షలు అని వాల్చి పేర్చేసరికి, నిజం చెప్తున్నా, మనిషి ఇప్పుడే లారీ దిగి వస్తున్నట్టు ఉన్నాడు. ఆమె మొహం చూసి నాకూ సంతోషమైంది.

ఫ్లెక్సీ అడుగున షాపు నంబరు వేసుకోవడం మాకు అలవాటు. కట్టిన కొన్నాళ్లకు ఒక మధ్యాన్నం కరెంటు పోయి, ప్రింటరు మోత ఆగి షాపంతా చడీచప్పుడు లేకుండా ఉన్నప్పుడు ఫోను మోగింది.

"కూడలిలో ఫ్లెక్సీ మీదేనా అబ్బా?"

"మాదే. ఏం కావాల?"

"నా భుజం మింద సెయ్యి యాడికి పోయింది?"

ఆ చెయ్యి సంగతి ఫోటో తీయించుకున్న ఆ ఇద్దరికీ నాకూ తప్ప ఎవరికి తెలుసు? "మురుగేశా?" అన్నాను. అవతల లారీ హారన్లు వినిపిస్తున్నాయి.

"దాన్ని పీకించెయ్ అప్పా. నివాళి అని వేసి కట్టు. నేను పోయినట్టే అనుకోమని చెప్పు." పెట్టేసినాడు. తిరిగి చేస్తే స్విచాఫ్.

చెప్తే రేవతి గుండె పగులుతాది. చెప్పకపోతే ఏటేటా ఆశతో వచ్చి నా ముందు కూర్చుంటాది. పిలిపించి ఉన్నదున్నట్టు చెప్పేసినాను. చెయ్యి మాట వినగానే "ఆయనే" అనింది. ఏడ్వలేదు. కుర్చీ కంప్యూటరు దగ్గరికి జరుపుకొని, "అయితే మార్చేయన్నా" అనింది.

ఫోటో నేను ముట్టుకోలేదు. శుభాకాంక్షలు తీసి నివాళి అని పెట్టి, ఇటాలిక్ తీసేసి, అక్షరాలు సన్నగా నిలబెట్టినాను. అంతే. అదే నవ్వు, అదే చొక్కా, తెర మీద మనిషి చచ్చిపోయినాడు. ఇన్నేళ్లలో నా పనికి నేనే భయపడింది అప్పుడే. అక్షరం అలంకారం కాదు, మనిషిని ఏ వైపు నిలబెట్టాలో అదే తేలుస్తాదని ఆ రోజు తెలిసొచ్చింది.

"సైజు ఎంత పెట్టమంటావు తల్లీ?" అని అడిగినాను.

"పాతదానికంటే పెద్దదే వెయ్యి. ఆయన సూడాల గదా" అనింది.