చెవిన పడ్డదే చాటింపు

సాన్ బ్లాస్ ఊళ్ళో పంతలియోన్ రియాతిగా చాటితే తప్ప ఏ హుకుమూ హుకుం కాదు. అంత గొంతు ఆయనది. సంతలో ఈ కొసన పొగాకు బేరమాడేవాడికీ, ఆ కొసన చిరుతిండికి వేయించిన ముడ్డిచీమలమ్మే ఆడమనిషికీ ఒక్కలాగే వినపడేది. గొంతుకు తగ్గ గర్వమూ ఉండేది. ఒక్కటే లోటు, ఆయనకు అక్షరం ముక్క రాదు.

అందుకని పని ఇలా నడిచేది. ఆయన మూడుసార్లు డోలు కొట్టి చర్చి మెట్టెక్కేవాడు. ఊరి లేఖకుడు దోన్ ఫకుందో కాగితం పట్టుకుని వెనక నిలబడి ఒక్కో ముక్కా చెవిలో ఊదేవాడు. ఊదింది ఊదినట్టు పంతలియోన్ ఊరికి వినిపించేవాడు. చివర్న "రాజుగారు చల్లగా ఉండాలి!" అంటే ఊరు "చల్లగా ఉండాలి!" అని బదులిచ్చేది. ఈ దేశాన్నేలే రాజు సముద్రం అవతల స్పెయిన్‌లో ఉండేవాడు. వీళ్ళ దీవెన ఆయనదాకా పోయేదో లేదో ఎవరూ అడగలేదు.

ఆ బదులు మొదటిసారి మారింది 1781లో, పంతలియోన్‌కు ఇరవై ఏళ్ళప్పుడు. నూలు వడికితే పన్ను, పొగాకు వేస్తే నేరం. భటులు చేలల్లో దిగి పచ్చటి మొక్కలు పీకి తగలబెట్టారు. అమ్మా పెట్టదు, అడుక్కు తినానివ్వదు అన్నట్టుంది యవ్వారం. కొత్త పన్ను చాటింపు ముగిసిందో లేదో, ఆడవాళ్ళు లేఖకుడి చేతిలో కాగితం లాక్కుని ముక్కలు చేశారు. "రాజుగారు చల్లగా ఉండాలి, ఈ పాడు దొరతనం మట్టిగొట్టుకు పోవాలి!" అన్నారు. రాజు మంచివాడే, ఆయనకు సంగతి తెలీదు, మధ్యలో వాళ్ళే దొంగలని వాళ్ళ నమ్మకం. ఎంత అమాయకత్వం! వేలమంది ఇక్కడి రాజధాని దారి పట్టేసరికి దొరలు దిగొచ్చారు. అడిగిందల్లా ఇస్తామని చర్చిలో బైబిలు మీద చెయ్యి వేసి ఒట్టు పెట్టారు.

ఆ ఒట్టును సాన్ బ్లాస్‌లో చాటింది పంతలియోనే. "ఎవరిళ్ళకు వాళ్ళు పొండి, ఎవరికీ ఏమీ కాదు!" అని ఖంగుమనిపించాడు. ఆయన అన్న హిలారియో, "కాగితాన్నయితే నమ్మను గానీ, మా తమ్ముడి నోట వచ్చిందిగా" అని ఈటె దించి పొలానికి పోయాడు. ఏడాది తిరక్కుండానే దొరలు ఒట్టు తీసి గట్టున పెట్టారు. హిలారియోను ఉరి తీశారు. ఆ ఉరినీ పంతలియోనే చాటాడు. దోన్ ఫకుందో ఊదాడు, ఈయన అన్నాడు, చివర్న రాజుగారిని చల్లగా ఉండమన్నాడు. మీకు కోపం వస్తే రానివ్వండి, ఆయనకూ తన మీద వచ్చింది. కానీ చేతనైన పని అదొక్కటే కనుక మానలేదు.

1810లో రాజధానిలో జనం, రాజు పంపిన పెద్ద దొరను గెంటేశారు, అదీ రాజుగారి పేరు మీదే. ఈసారి ఊరు "చల్లగా ఉండాలి" అని గొణిగి, "పాడు దొరతనం" దగ్గర గొంతు చించుకుంది. మరో మూడేళ్ళకు వచ్చిన కాగితంలో ఇక స్వతంత్రమేనని ఉంది. అది చదవడం అయ్యాక పంతలియోన్ ఎదురుచూశాడు.

"రాజుగారి తోకేదండీ?" అని మెల్లిగా అడిగాడు.

"తోక కోసేశారు. దిగు" అన్నాడు దోన్ ఫకుందో.

1816లో స్పెయిన్ పటాలాలు తిరిగొచ్చి తోక మళ్ళీ అతికించాయి. ఊళ్ళో చేవ ఉన్న మగవాళ్ళను వరసగా నిలబెట్టి కాల్చాయి. రాజుకు అన్నీ తెలుసని ఊరికి అప్పుడు పూర్తిగా తెలిసొచ్చింది. మిగిలిన పడుచువాళ్ళు తుపాకులు దొరికినవాళ్ళు తుపాకులతో, లేనివాళ్ళు చెరకు కొట్టే కత్తులతో కొండెక్కారు. వాళ్ళలో పంతలియోన్ ఒక్కగానొక్క కూతురు బ్రిహిదా కూడా ఉంది.

మూడేళ్ళు గడిచాయి. జూన్ వానల్లో కొండ మీద తిండి అయిపోయింది, గాయాలు చీము పట్టాయి. క్షమాభిక్ష ఇస్తారని పుకారు పుట్టింది. శనివారం సంతలో మొక్కజొన్న రొట్టెలమ్మే నికొలాసా, పంతలియోన్ చేతిలో రొట్టె పెడుతూ కూతురి కబురు చెప్పింది.

"మామా, పిల్ల చెప్పమంది. స్పెయిన్ పటాలం కెప్టెన్ మాట గాడిద మాటంట. నువ్వు చాటితే మాత్రం దిగొస్తారంట. 'మా నాయన గొంతులో అబద్ధం ఉండదు' అంది."

ఆయన రొట్టె కొరక్కుండానే జేబులో పెట్టుకున్నాడు. మెట్టు దగ్గరికి పోయేసరికి దోన్ ఫకుందో, కెప్టెన్ లొసాదా, ఒక సార్జెంటు నిలబడి ఉన్నారు.

"ఇవాళేంటండీ?"

"క్షమాభిక్ష. రేపటిలోగా దిగితే ప్రాణాలకు అభయం" అన్నాడు దోన్ ఫకుందో, కళ్ళలోకి చూడకుండా. బ్రిహిదా సంగతి ఆయనకు తెలుసు, కెప్టెన్‌కు తెలీదు.

"ఇది నేనింతకు ముందు చాటినట్టుందే."

"నోరు మూసుకుని డోలు కొట్టు" అన్నాడు కెప్టెన్.

మూడుసార్లు కొట్టాడు. సంత చెవి ఒగ్గింది. "కొండ మీదున్న వాళ్ళందరూ!" అన్నాడు. "రేపు ఆదివారం పూజ వేళకు ఆయుధాలు దించి వస్తే!" అన్నాడు. అంతలో కెప్టెన్ సార్జెంటు వైపు తిరిగాడు. చాటింపువాడూ ఒక డోలే, డోలు ముందు గొంతు తగ్గించుకునే వాడెవడు? మామూలుగానే అన్నాడు.

"నలభై తాళ్ళు చూసి పెట్టు. పూజ అవ్వగానే కానిచ్చెయ్యాలి."

దోన్ ఫకుందో చెవిలో ఊదాడు: "వారి ప్రాణాలకు అభయం."

పంతలియోన్ గుండె నిండా గాలి పీల్చాడు. జీవితంలో అంత గట్టిగా ఎప్పుడూ అరవలేదు.

"నలభై తాళ్ళు చూసి పెట్టు! పూజ అవ్వగానే కానిచ్చెయ్యాలి!"

ఎవడో కిసుక్కున నవ్వి ఆపేశాడు. పంతలియోన్ అదే ఊపులో "రాజుగారు చల్లగా ఉండాలి!" అన్నాడు. సంతలో ఒక్కరూ బదులివ్వలేదు. ఆడవాళ్ళు బుట్టలు సర్దుకున్నారు. అందరికంటే ముందు లేచింది నికొలాసా. సగం రొట్టెలు అక్కడే వదిలేసి కొండదారి పట్టింది.

కెప్టెన్ ఆయన గొంతు పట్టుకున్నాడు. "ఎవడు చెప్పమన్నాడ్రా నిన్ను?"

"తమరే కదా దొరా. నాకు చదువు రాదు. ఏది రాత, ఏది మాట అని నాకెట్లా తెలుస్తుంది? చెవిన పడింది చాటడమే నా పని."

"నిజమే దొరగారూ" అన్నాడు దోన్ ఫకుందో, అడ్డం వచ్చి. "ముప్పై ఎనిమిదేళ్ళుగా ఒక్క ముక్క తన సొంతం కలిపిన మనిషి కాడు."

అరవై కొరడా దెబ్బలు కొట్టించారు. ఆదివారం కొండ దిగి ఎవరూ రాలేదు సరికదా, ఊళ్ళోంచి ఇంకో డెబ్భై మంది పైకి పోయారు. కొత్త చాటింపువాడి కోసం సైనికులు ఇల్లిల్లూ తిరిగితే, ఊరు మొత్తానికి గొంతు బొంగురుపోయిందని తెలిసింది.

ఆగస్టులో రాజుగారి సైన్యం చిత్తుగా ఓడిపోయింది. బ్రిహిదా పట్టపగలు, వీధి నడిమధ్యన, తుపాకీ భుజాన వేసుకుని ఇంటికొచ్చింది. పంతలియోన్ ఇంకా బోర్లానే పడుకుని ఉన్నాడు. వీపు చూసి ఆమె భోరుమంది. కాసేపటికి ముక్కు తుడుచుకుంటూ పక్కన కూర్చుంది.

"నాయనా, నిజం చెప్పు. ఆ రోజు పొరబాటున అన్నావని ఊరంతా అంటోంది. పొరబాటేనా?"

"పొరబాటు ముప్పై ఎనిమిదేళ్ళు చేశానమ్మా" అన్నాడాయన. "ఆ రోజు మానేశాను."