షట్టరు ముందు చెప్పులు

ఆ రోజుల్లో బజారులోకి కొత్త వస్తువేదైనా వచ్చిందంటే దాని దగ్గరికి మనమే నడిచి వెళ్లేవాళ్లం. ఇప్పటిలా అదే మన గుమ్మంలోకి వచ్చి ఓటీపీ అడిగేది కాదు. మరీ తాతలనాటి ముచ్చటేం కాదు లెండి, అందరి చేతుల్లోకీ టచ్ ఫోన్లు వచ్చేసిన కాలమే. అయినా సరే, దొరకదేమోనన్న భయంతో తెల్లవారకముందే లేవడం, వరసలో నిలబడటం, ముందువాడి మెడను గంటల తరబడి చూస్తూ గడపడం అన్నీ ఉండేవి. మా గుంటూరు, ప్రకాశం వైపు ఇందులో ఇంకో సదుపాయం కూడా ఉంది. మనిషి నిలబడలేకపోతే చెప్పులు నిలబడతాయి. తొలకరి పడగానే మంచి మిరప విత్తనానికి కరువొస్తుంది. కొట్టు తెరవకముందే షట్టరు ముందు చెప్పుల జతలు బారులు తీరతాయి. వాటి యజమానులు ఏ అరుగు మీదో కూర్చుని టీ తాగుతుంటారు. వరసలో మనుషుల్ని తోసుకుని ముందుకెళ్లిన వాళ్లను చాలామందిని చూశాను గాని, చెప్పుల్ని తోసి ముందుకెళ్లిన వాణ్ని మాత్రం నేనింతవరకు చూడలేదు.

పర్చూరు దగ్గరి మా ఊళ్లో డిగ్రీ అయిందనిపించుకుని, గుంటూరు వచ్చి బ్రాడీపేటలో ఒక ఎలక్ట్రానిక్స్ షాపులో చేరాను. ఓనరు నాకు వరసకు బాబాయి. ప్రతి మాటకూ ముందో వెనకో 'గ్యారంటీ' తగిలిస్తాడు కాబట్టి ఆయన్ను మేమంతా గ్యారంటీ బాబాయి అనేవాళ్లం (ఆయన పక్కన లేనప్పుడు). వీడియో గేములంటే ప్రాణం పెట్టేవాణ్ని కనక, షాపులో మూలనున్న గేముల సెక్షన్లో వేస్తాడని ఆశపడ్డాను. ఆయన నన్ను మిక్సీల కౌంటర్లో వేశాడు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా కొబ్బరి చట్నీ చేసి చూపించడం నా ఉద్యోగం. కాలేజీలో నాతో చదివినవాళ్లు బెంగళూరులో మెడలో కార్డులు వేసుకుని తిరుగుతుంటే నేను ఏప్రాను కట్టుకుని, "చూడండి మేడమ్, కొబ్బరి ఎంత మెత్తగా నలిగిందో" అంటుండేవాణ్ని. రూముకి వెళ్లాక నా చొక్కా వాసన చూసి రూమ్మేట్లకు దోసెలు గుర్తొచ్చేవి.

గేముల సెక్షనుకి రోజూ వచ్చే కుర్రాడొకడు ఉండేవాడు. పక్క వీధి కోచింగ్ సెంటర్లో చదివేవాడు. ఎప్పుడూ మెడ చుట్టూ హెడ్‌ఫోన్లు వేసుకుని ఉండేవాడు కనక వాడికి హెడ్‌ఫోన్స్ తమ్ముడని పేరు పెట్టాను. వాడు మా షాపులో కొన్నదల్లా ఒక గేముల కంపెనీ వాళ్ల రిమోటు ఒక్కటే. అయినా షాపులో సగం వాటా తనదన్నట్టే మాట్లాడేవాడు. ఎవరైనా పోటీ కంపెనీ గేము పెట్టె బాగుంటుందని అన్నారో, వాడికి సొంత మేనమామను తిట్టినంత కోపం వచ్చేది. "అన్నా, కొంటే మన కంపెనీదే కొంటా, మన షాపులోనే కొంటా. నువ్వు ఫస్ట్ బాక్సు నాకే ఇవ్వాలి," అని మాట తీసుకున్నాడు. మన కంపెనీ అన్న మాట విని నేను పొంగిపోయాను. ఆ కంపెనీకి మేమిద్దరం ఉన్నామన్న సంగతే తెలియదని నాకప్పుడు తట్టలేదు.

ఆ కంపెనీ కొత్త గేమ్ కన్సోల్ విడుదలవుతోందని తెలియగానే బాబాయి వెంటపడ్డాను. ఆయనకు నమ్మకం లేదు. "టీవీకి తగిలించుకుని ఆడుకునే పెట్టె ఎవడు కొంటాడ్రా? అదే గ్రైండరయితే గ్యారంటీగా పోద్ది," అన్నాడు. నేను వదల్లేదు. చివరికి విసుగొచ్చి స్టాకు తెప్పించాడు గాని, ఒక షరతు పెట్టాడు. "మొదటిరోజు సాయంత్రానికల్లా డబ్బాలన్నీ పోతే గేముల సెక్షన్ నీదే. ఒక్కటి మిగిలినా జన్మంతా నువ్వూ, నీ మిక్సీ. గ్యారంటీ!" ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. టోకున కొని ఎక్కువకు అమ్ముకునేవాళ్లు రాకుండా బాబాయి చెప్పినట్టే షట్టరు పక్కన బోర్డు పెట్టాను: 'కొత్తది వచ్చింది. స్టాకు తక్కువ. మనిషికి ఒక్కటే. ఆధార్ జిరాక్స్ తప్పనిసరి.' కంపెనీ పేరు రాద్దామంటే, "అక్షరాలు ఎక్కువైతే ఎవడూ చదవడు," అని బాబాయి కొట్టేయించాడు.

పొద్దున్నే వచ్చి చూద్దును కదా, షట్టరు ముందు మొదలై పక్కనున్న మెడికల్ షాపు దాటి, క్లినిక్ గేటు దాటి, వీధి మలుపు దాకా చెప్పులు! అన్నిటికంటే ముందు హెడ్‌ఫోన్స్ తమ్ముడి నీలం చెప్పులు, వాటి వెనక వాడి స్నేహితుల బూట్లు కొన్ని, ఆ తరవాత ఇక లెక్కే లేదు. నాకు కళ్లు చెమర్చాయి. మా ప్రాంతంలో ఇంతమంది గేమర్లున్నారా, వీళ్లంతా ఇన్నాళ్లూ ఎక్కడున్నారు అని ఉప్పొంగిపోతూ ఫోటో తీసి బాబాయికి పంపాను. (ఆ చెప్పుల్లో సగానికి పైగా టైరు చెప్పులని, వాటికి రేగడి మట్టి అంటుకుని ఉందని ఫోటోలో స్పష్టంగా కనిపిస్తూనే ఉంది. ప్రేమలో ఉన్నవాడికి అలాంటివి కనపడవు.) బాబాయి తల కూడా దువ్వుకోకుండా కొబ్బరికాయతో పరుగెత్తుకొచ్చాడు.

జరిగిందేమిటంటే, హెడ్‌ఫోన్స్ తమ్ముడూ, వాడి స్నేహితులూ అందరూ మా వైపు రైతుబిడ్డలే. తెల్లవారుజామునే వచ్చి, ఇంటిదగ్గర చూసిన అలవాటు కొద్దీ చెప్పులు వరసలో పెట్టి ఇడ్లీ బండి దగ్గరికి వెళ్లారు. మొదటి బస్సు దిగి విత్తనాల కోసం పట్నంబజారు వెళ్తున్న రైతులు వాటిని చూశారు. తొలకరి రోజుల్లో, మూసిన షట్టరు ముందు చెప్పుల వరస, పక్కన ఆధార్ జిరాక్స్ అడిగే బోర్డు. మా జిల్లాల్లో దీనికి ఒక్కటే అర్థం. అనుమానం వచ్చి ఒకాయన ఇడ్లీ తింటున్న కుర్రాళ్లను అడిగితే, "కొత్తది పెద్దాయనా, పాతదానికంటే చాలా బాగుంటుంది, తరవాత దొరకదు," అన్నారట. అంతకంటే ఏం కావాలి? ఆయన చెప్పులు విడిచాడు. ఫోన్ చేసి ఊరినీ రమ్మన్నాడు. ఊరు ట్రక్కు ఆటోలో వచ్చింది.

షట్టరు ఎత్తాం. ముందు నిలబడ్డది తెల్లపంచె, గుబురు మీసాల పెద్దాయన. నీలం చెప్పుల వైపు, బూట్ల వైపు చూపించి, "ఈ కుర్రోళ్లు టిఫినుకి పోయారు. ఆళ్ల చోటు ఆళ్లకుంటది. ఈలోపు నా పని చూడయ్యా," అంటూ ఆధార్ జిరాక్సు, పాసుపుస్తకం జిరాక్సు కూడా ఇచ్చాడు. ఎందుకైనా మంచిదని తెచ్చాడనుకుని నేను తెల్లటి పెట్టె తీసి ఆయన చేతుల్లో పెట్టాను. ఆయన దాన్ని అటూ ఇటూ ఊపి చూశాడు.

"ఇంత బరువుందేందయ్యా? ఎకరానికి ఒకటి సరిపోద్దా?"

"ఎకరానికేంటండీ, ఇంటికొకటి చాలు."

"ఇంటికొకటా! మొలక శాతం ఎంత?"

అప్పుడు తలెత్తి వరస వైపు చూశాను. తలపాగాలు, పంచెలు, సంచులు, ముడతలు పడ్డ జిరాక్సులు. "ఇది విత్తనం కాదండీ, ఆట... ఆడుకునేది," అన్నాను నసుగుతూ. ఆ మాట వరస చివరి దాకా చేరడానికి ఎంతోసేపు పట్టలేదు. చేరాక మాత్రం వీధి హోరెత్తిపోయింది. "పొద్దున్నించీ నిలబెట్టి ఆడుకునేదంటాడేందిరా!" అని ఒకాయన, "బోర్డు మీద ఆ ముక్క రాయడానికి ఏం రోగం?" అని ఇంకొకాయన (ఆ ప్రశ్నకు బాబాయి పైకప్పు వైపు చూశాడు). వాళ్ల బాధలో న్యాయముంది. ఇక్కడ నిలబడినంతసేపూ పట్నంబజారులో అసలు వరస పెరిగిపోయి ఉంటుంది. ఈ ఏడు కోరిన రకం విత్తనం దొరక్కపోతే ఎలా అని వాళ్ల భయం. నా భయం నాది. అసలు కొనేవాళ్లు అప్పుడప్పుడే బండ్ల మీద వచ్చి, మలుపు దాకా ఉన్న జనాన్ని చూసి, "మనదాకా రాదురా," అనుకుంటూ తిరిగి వెళ్లిపోతున్నారు. నా గేముల సెక్షన్ నా కళ్లముందే బండెక్కి వెళ్లిపోతోంది. బాబాయి మిక్సీ కౌంటరు వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూశాడు.

అదే సమయానికి హెడ్‌ఫోన్స్ తమ్ముడు చేతికి చట్నీతో వచ్చాడు. సంగతి విన్నాడు. ఫస్ట్ బాక్సు వాడి ముందే ఉంది, తీసుకుని వెళ్లిపోవచ్చు. ఆ పెట్టె వైపు ఒకసారి చూశాడు, నా మొహం వైపు చూశాడు. "అన్నా, మా దగ్గర బండ్లున్నాయిగా," అని పెద్దాయన వైపు తిరిగి, "తాతా, మీ చెప్పులివ్వండి. మేం పట్నంబజారు వరసలో పెట్టి కాపలా ఉంటాం. వ్యవసాయాధికారి వచ్చి సంతకం పెట్టిందాకా అక్కడ ఎట్లాగూ ఇవ్వరు. మా బిల్లులయ్యేదాకా ఆగితే అక్కడి వరస ఇంకా పెరిగిపోద్ది. మీరిక్కడ మా చోట్లు చూసుకోండి," అన్నాడు. పెద్దాయన మీసం దువ్వుకుని ఆలోచించాడు. "నీ చోటు పొద్దున్నించీ నేనే కాస్తున్నాగా. నా చోటు నువ్వు కాయి," అన్నాడు.

అంతే. టైరు చెప్పులన్నీ గోనెసంచుల్లోకెక్కాయి, సంచులు బండ్లెక్కాయి. తిరిగి వెళ్లిపోతున్న కుర్రాళ్లను వాడే ఆపి వాళ్ల బండ్లమీద కూడా సంచులు పెట్టాడు. వెళ్తూ వెళ్తూ ఒక్కొక్కరు తమ జిరాక్సు ఒక్కో రైతు చేతిలో పెట్టి, "బాబాయ్, నలుపు రంగుది అయిపోతే తెలుపుదైనా పట్టండి," అని అప్పగింతలు పెట్టారు. అలా ఆ పూట గుంటూరులో గేమర్లంతా మిరప విత్తనాల కోసం, మిరప రైతులంతా గేమ్ కన్సోల్ కోసం వరసలో నిలబడ్డారు.

ఉత్తకాళ్లతో షాపులోకొచ్చిన వాళ్లు ఊరికే ఉండలేక డెమో టీవీ ముందు చేరారు. అందులో ట్రాక్టరుతో పొలం దున్నే ఆట ఉంటే పెట్టాను. పెద్దాయన రిమోటు పట్టుకుని కంచె విరగ్గొట్టి, పక్కవాడి పొలంలోకి పోయి, చెరువులో దిగాడు. "మావా, నిజం ట్రాక్టరు కూడా నువ్విట్టాగే తోల్తావు," అన్నాడు వెనకనుంచి ఒకాయన. ఆ పక్కనే ఇద్దరు రెండు విత్తన కంపెనీల గురించి పోట్లాడుకుంటున్నారు. "మా నాయన కాణ్ణించీ అదే రకం. చస్తే ఇంకోటి వెయ్యం," అంటున్నాడొకడు. హెడ్‌ఫోన్స్ తమ్ముడి గొంతే విన్నట్టనిపించింది.

"ఊరికే నిలబెట్టావేంట్రా? ఒక మిక్సీ చూపించు," అన్నాడు బాబాయి. ఏప్రాను కట్టుకున్నాను. కొబ్బరి వాళ్లకు ఆనలేదు. పెద్దాయన చుట్టాలింటికని తెచ్చిన ఎండుమిరపకాయలు సంచిలోంచి తీసి, "ఇయ్యి ఏసి చూపీ," అన్నాడు. వేశాను. కంగారులో పొడి ఇంకా కిందికి దిగకముందే మూత తీశాను. మొదట నేను తుమ్మాను, తరవాత బాబాయి, తరవాత షాపంతా, ఆ తరవాత జనాన్ని అదుపు చేయడానికొచ్చిన కానిస్టేబులు. కళ్లూ ముక్కూ తుడుచుకుంటూ పెద్దాయన తీర్పు చెప్పాడు: "దీంట్లో దమ్ముందిరా. ఒకటి కట్టు."

మధ్యాహ్నానికి పట్నంబజారు నుంచి ఫోనొచ్చింది, వరస కదిలిందని. వెళ్లిన బండ్లే వచ్చి రైతుల్ని తీసుకెళ్లాయి. వాళ్లకు విత్తనాలు దొరికాయి. సాయంత్రానికి కన్సోళ్లలో ఒక్క డబ్బా మిగల్లేదు. మొదటిది అందుకున్న హెడ్‌ఫోన్స్ తమ్ముడు కాళ్ల నిండా దుమ్ముతో, మొహమంతా నవ్వుతో నిలబడ్డాడు. మాట నిలబెట్టుకున్నానని నాకూ గర్వంగా అనిపించింది. ఏప్రాను విప్పి బాబాయి ముందు పెట్టి, "మరి గేముల సెక్షన్, బాబాయ్?" అన్నాను.

ఆయన ఖాళీ అయిపోయిన మిక్సీల అర చూపించాడు. మిక్సీలు కూడా ఒక్కటి లేదు. "డబ్బాలు ఎవడు పెట్టినా పోతాయిరా. కారం కొట్టి మిక్సీలమ్మేవాడు నాకెక్కడ దొరుకుతాడు? నువ్వు మిక్సీల్లోనే ఉండు. నీ జీవితానికి గ్యారంటీ!" అని ఏప్రాను మళ్లీ నా మెడలో వేశాడు. ఇప్పుడు చెప్తే నవ్వుగా ఉంది గాని, ఆ సాయంత్రం స్టోరు రూములోకి వెళ్లి ఏడ్చాను. (కారం వల్ల అనుకున్నారు అందరూ.)

ఇప్పుడు ఒంగోలులో నాకే ఒక షాపుంది. గేముల సెక్షన్ ముందు పెట్టుకున్నాను. దానికి ఇన్‌ఛార్జినీ, ఓనర్నీ నేనే. ఏం లాభం, కన్సోళ్లన్నీ కుర్రాళ్లు ఆన్‌లైన్లో బుక్ చేసుకుంటున్నారు. షాపు నడిచేది వెనకనున్న మిక్సీల వల్లే. ఆ పెద్దాయన మాత్రం ఇంట్లోకి ఏం కొనాలన్నా ఊరినుంచి బస్సెక్కి నా దగ్గరికే వస్తాడు. డెమో టీవీ ముందు కూర్చుని ట్రాక్టరు చెరువులో దించి వెళ్తాడు.

మొన్న ఇంకో కొత్త కన్సోల్ విడుదలైంది. ఎవరైనా వస్తారేమోనని తెల్లవారకుండానే షాపుకి వెళ్లాను. వీధిలో పిట్ట లేదు. ఏం తోచిందో ఏమో, ఈ వయసులో ఇదేం పని అని నన్ను నేనే తిట్టుకుంటూ, అటూ ఇటూ చూసి, మూసిన షట్టరు ముందు నా చెప్పులు విడిచి ఉత్తకాళ్లతో టీకి వెళ్లాను. తిరిగొచ్చేసరికి వాటి వెనక ఇంకో జత ఉంది. పక్కన సంచి పట్టుకుని ఒకాయన నిలబడి ఉన్నాడు.

"ఏమిత్తన్నారండీ ఇక్కడ?" అని అడిగాడు.

"కొత్తది వచ్చిందండీ," అన్నాను, నా చెప్పుల్లో కాళ్లు పెట్టి ఆయనకంటే ముందు నిలబడుతూ.