రుద్దకుండా పోయే మురికి

జనగామలో రాజవ్వ ఇరవై ఏళ్లు సుభాష్ సారు ఇంటి బట్టలు ఉతికింది. సకల జనుల సమ్మెలో బడి మూతపడితే సారు రోజూ వెళ్లి, రోడ్డు మీదే వండుకు తినే వంటావార్పులో కూర్చునేవాడు. తెల్లచొక్కాలకు మసి, చెమట బాగా పట్టేవి. అప్పుడే ఆ ఇంటికి వాషింగ్ మిషన్ వచ్చింది. రుద్దే పనే ఉండదని, ఎంత మురికైనా అదే వదిలిస్తుందని టీవీలో చెప్పారట. అదే నిజమైతే తనకు ఆ ఇల్లు పోయినట్టేనని రాజవ్వకు తెలుసు.

సారు భార్య లత రాజవ్వను ఇంటికి పిలిపించి, మిషన్‌లో ఉతికిన చొక్కా తెచ్చింది. "ఎట్లున్నదో చెప్పు రాజవ్వా."

రాజవ్వ తెలుపును చూడలేదు. చొక్కా తిరగేసి చంక దగ్గర ముక్కు పెట్టింది. సబ్బుపొడి వాసన కింద నిన్నటి చెమట పులిసిపోయి ఉంది. కాలర్ గీకితే నల్లటి జిడ్డు గోటి సందులోకి వచ్చింది.

"థూ! గిది ఉతుకుడా లతమ్మా? కంపుకు అత్తరు పూసుడు. గిది తొడుక్కొని సారు నలుగురిలకు ఎట్ల పోతడు?"

లత నవ్వింది. "గందుకే పిలిచిన. కాలర్లు, చంకలు నువ్వు జర రుద్దిపో. మిగిలింది మిషన్ ఉతుకుతది."

"అంటే కంపు నాకు, పేరు దానికా?"

రాజవ్వ చొక్కాను మిషన్ మీదకు విసిరేసి, చెయ్యి కడుక్కోవడానికి నీళ్లడిగింది. ఆ ఇంటి బట్టలు ముట్టి ఆమె అసహ్యంతో చెయ్యి కడుక్కున్నది అదే మొదలు, అదే ఆఖరు.