ముందుకో జత, వెనక్కో జత

ఫ్యాక్టరీలో మెకానిక్‌గా రిటైరయ్యాక, మలేసియాలోని బంటింగ్ ఊళ్లో మా ఇంటి వెనక షెడ్డులో మూడేళ్లు కూర్చుని ఒక బుల్లి ఆవిరి రైలింజను చేశాను. విక్టోరియా రాణి కాలంలో ఇంగ్లండులో ప్రయోగంగా కట్టిన రకం. ఒకే ఆవిరిని రెండుసార్లు వాడుకుంటుంది. రెండు జతల పెద్ద చక్రాలు ఒకదానితో ఒకటి కలపకుండా దేని దారిన అది తిరుగుతాయి.

మొన్న ఉగాదికి మా తెలుగు సంఘం హాల్లో దాన్ని నడిపి చూపిస్తానని అడిగి మరీ మైకు పట్టుకున్నాను. పావుగంట ఉపన్యాసం దంచాను. "ఇలాంటిది మలేసియాలో ఇంకొకటి లేదు," అన్నాను. రైలు పెట్టెలు తగిలించడానికి ఇంజన్ను కాస్త వెనక్కి నడిపి, ఆ తర్వాత ముందుకు వెళ్లే మీట లాగాను.

వెనక చక్రాలు ముందుకు తిరిగాయి. ముందు చక్రాలు వెనక్కి తిరిగాయి. ఇంజను బుసలు కొడుతూ ఉన్నచోటే ఉంది.

"అప్పటి అసలు ఇంజన్లూ ఇలాగే మొరాయించేవి!" అన్నాను చెమటలు కక్కుతూ. హాలంతా ఘొల్లున నవ్వింది. మా ఆవిడ తల వంచుకుంది.

అప్పుడు మా పెద్దమ్మ లేచి వచ్చింది. ఎనభై ఏళ్ల మనిషి, వయసులో ఉన్నన్నాళ్లూ ఎస్టేటులో రబ్బరు పాలు తీసింది. "ఏటిరా, ఇంత సదువూ సదివినావు! కాస్త తొయ్యాల లా," అని ఇక్కడి మలై వాళ్ల 'లా' చివర తగిలిస్తూ చేతికర్రతో వెనక నుంచి ఒక్క పొడుపు పొడిచింది. బండి కాస్త కదిలేసరికి, ఇందాకటి వెనక నడకలోనే ఉండిపోయిన ముందు చక్రాలు కూడా మారి, రెండు జతలూ ఒకే దారి పట్టాయి. ఇంజను పట్టాల చివరిదాకా పరుగెత్తింది.

చప్పట్లు మోగాయి. సంఘం అధ్యక్షుడు శాలువా తెచ్చి పెద్దమ్మకే కప్పాడు.

నాకు మూడేళ్లలో తట్టనిది ఆవిడకు మూడు క్షణాల్లో తట్టింది. ఇప్పుడు ఎవరైనా ప్రదర్శనకు పిలిస్తే, ముందు పెద్దమ్మకు తీరికేనా అని ఫోన్ చేసి కనుక్కుంటున్నాను.