ముందు చక్రాల్లో గాలి

కరోనా ఆంక్షలు ఎత్తేశాక వచ్చిన మొదటి చలికాలంలో మా కంపెనీ నన్ను రియాద్ నుంచి తబూక్ శాఖకు బదిలీ చేసింది. హోదా ట్రాన్స్‌పోర్ట్ సూపర్‌వైజర్. బండ్ల సంరక్షణ, డ్రైవర్ల శిక్షణ, ప్రమాదం జరిగితే సాంకేతిక నివేదిక, మూడూ నా నెత్తినే. మాది కడప జిల్లా. రియాద్‌లోని మలాజ్ పేటలో గది, శుక్రవారాలు బతా బజారులో భోజనం, ఇలా గడిచిన నాకు చలికాలమంటే ఏసీకి సెలవిచ్చే కాలం, అంతే. తబూక్ వేరు. అక్కడ చలికాలంలో వానలు పడతాయి. ఊరికి దూరంగా ఉన్న లౌజ్ కొండ మీద ఒక్కో ఏడు మంచు కూడా కురుస్తుంది. మంచు పడిందని తెలిస్తే చాలు, ఊరు ఊరంతా బండ్లేసుకుని కొండకు పరిగెడుతుంది.

ఆ ఏడు మా ప్రాజెక్టు మేనేజరుకు కొత్త కారు ఇచ్చారు. టర్బో ఇంజను, ఫ్రంట్ వీల్ డ్రైవ్. అంటే ఇంజను బలమంతా ముందు చక్రాలకే పోతుంది. బండిని లాగేవీ అవే, తిప్పేవీ అవే. పొడి రోడ్డు మీద దానికి తిరుగు లేదు. తడి రోడ్డు మీద ఒక్కసారిగా యాక్సిలరేటర్ తొక్కితే మాత్రం ముందు చక్రాలు పట్టు తప్పి గిర్రున తిరుగుతాయి, స్టీరింగ్ ఎటు తిప్పినా కారు మాట వినదు. అప్పుడు కాలు మెల్లగా తేలిక చేయాలి, స్టీరింగ్ ఇంకా ఇంకా తిప్పకూడదు, చక్రాలకు రోడ్డు దొరికేదాకా ఓపిక పట్టాలి. నెలల తరబడి వాన చూడని రోడ్ల మీద మొదటి జల్లు మరీ చెడ్డది. దుమ్మూ నూనే తడిసి సబ్బునురగలా జారుతుంది. ఇదంతా నేను క్లాసులో చెప్పేవాణ్ణి. డ్రైవర్లు తలలూపేవాళ్లు. తలలూపడంలో మావాళ్లను మించినవాళ్లు లేరు!

ఆ కారు డ్రైవరు ఇమాంబాషా. రాయచోటి మనిషి, ఎడారి సైట్లలో పికప్ నడిపి చెయ్యి తిరిగినవాడు. ఇసుకలోకి దిగేముందు టైర్లలో గాలి సగం తీసేయడం అక్కడ అందరికీ అలవాటు. అలా చేస్తే టైరు వెడల్పుగా పరుచుకుంటుంది, ఇసుకలో దిగబడదు. బయటికి రాగానే మళ్లీ గాలి నింపుకోవాలి. ఆ పని కోసమే దారి పక్కన బన్షర్ అనే పంక్చరు షాపులుంటాయి.

మంచు పడిన వారం సెలవు రోజున మేనేజరు కొండకు బయలుదేరాడు. కొడుకు పేరు ఫహద్ కాబట్టి అక్కడి పద్ధతిలో అందరూ ఆయన్ని అబూ ఫహద్ అనేవారు. కారులో ఆయన, ఏడేళ్ల ఫహద్, ఆ ఇంట్లో పిల్లవాణ్ణి చూసుకునే ఆయా రత్నం ఉన్నారు. రత్నానిది రాజోలు. పైకి వెళ్లేటప్పుడు ముందు చక్రాలు మంచులో జారడం మొదలుపెట్టాయి. ఇమాంబాషా దిగి, ఇసుకలో చేసినట్టే ముందు టైర్లు రెండింట్లో గాలి తీశాడు. కారు ఎక్కింది. అబూ ఫహద్ భేష్ అని భుజం తట్టాడట.

అక్కడికి బాగానే ఉంది. కానీ అదే గాలితో తడిసిన హైవే ఎక్కడమంటే చావును పక్క సీట్లో కూర్చోబెట్టుకోవడమే. గాలి తక్కువైన టైరు నీళ్లను పక్కకు నెట్టలేదు, వాటి మీద తేలిపోతుంది.

వాళ్లు కొండ దిగేసరికి వాన మొదలైంది. బన్షర్ ముందు బండ్లు బారులు తీరి ఉన్నాయి. పిల్లవాడు మంచులో ఆడి బట్టలన్నీ తడిపేసుకుని వణుకుతున్నాడు. గాలి కొట్టించమంటారా అని ఇమాంబాషా అడిగాడు. వద్దు, ఇంటికి పద అన్నాడు తండ్రి. ఇమాంబాషా పోనిచ్చాడు.

ఒక పల్లంలో నీళ్లు నిలిచి ఉన్నాయి. ముందున్న లారీని దాటబోతూ ఇమాంబాషా యాక్సిలరేటర్ తొక్కాడు. ముందు చక్రాలు తేలిపోయాయి. కారు తిన్నగా లారీ మీదికే పోతుంటే, భయపడి స్టీరింగ్ మొత్తం తిప్పేశాడు. నీళ్లు దాటగానే టైర్లకు రోడ్డు చిక్కింది. కారు చక్రాలు తిరిగి ఉన్న వైపుకు ఒక్క దూకు దూకి పక్కనున్న కాంక్రీటు గోడను కొట్టింది. వెనక సీట్లో రత్నం ఒళ్లో ఉన్న ఫహద్ అక్కడే ప్రాణం విడిచాడు. రత్నానికి తుంటి విరిగింది. ముందు కూర్చున్న ఇద్దరికీ చిన్న గాయాలు.

ఇమాంబాషాను ట్రాఫిక్ పోలీసులు లోపల వేశారు. కారు పరీక్షించింది నేనే. ముందు టైర్లలో ఉండవలసిన గాలిలో సగమే ఉందని నివేదికలో రాశాను. ఉన్నదే రాశాను, కానీ అతన్ని ముంచడానికి ఆ ఒక్క మాట చాలు. లాకప్‌లో కలిసినప్పుడు నా చెయ్యి వదల్లేదు.

“అడిగినా సార్. గాలి కొట్టిస్తానని అడిగినా. ఆయప్ప వద్దనె. ఇంగ నేనేం జేసేది? ఆ పిల్లోడు రోజూ హారన్ కొడతానని నా పక్కన కూసునేటోడు సార్...”

బయటికొచ్చాక కోపంతో ఒళ్లు మండింది.

ఎందుకంటే అబూ ఫహద్ అప్పటికే టైర్ల సంగతి తనకేమీ తెలియదని పోలీసులకు చెప్పేశాడు. ఆ మాట నిలబడితే తప్పు మొత్తం డ్రైవరుదే. పైగా చనిపోయిన పిల్లవాడి తండ్రి ఆయన. ఆయన క్షమించకపోతే ఇమాంబాషా ఏళ్ల తరబడి జైల్లో మగ్గవలసిందే. నిజం విన్నది ఇంకొక్కరే, రత్నం. ఆమెకు కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, అబూ ఫహదే. ఆయన ఎగ్జిట్ వీసా కొట్టిస్తే తప్ప ఆమె రాజోలు చేరలేదు.

పోలీసు అధికారి వాంగ్మూలం తీసుకోవడానికి ఆసుపత్రికి వచ్చాడు. నేను దుబాసీని. అబూ ఫహద్ గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. నువ్వు ఏం చెబితే అదే చెబుతానమ్మా, ఒక్క మాట కలపను, ఒక్క మాట తీయను అని ఆమెతో ముందే అన్నాను. ఆమె గుమ్మం వైపు ఒకసారి చూసింది.

“బాబు నా ఒళ్లోనే పోయాడండి. ఇంక నాకేం భయమండీ? గాలి కొట్టించమంటారా అని డ్రైవరు గారు అడిగారండి. అయ్యగారే వద్దన్నారు. అలాగే చెప్పేయండి.”

అలాగే అరబ్బీలో చెప్పాను. అధికారి రాయడం ఆపి గుమ్మం వైపు చూశాడు. అబూ ఫహద్ లోపలికి వచ్చి మంచం కమ్మీ పట్టుకున్నాడు. నిజమే, అడిగాడు అన్నాడు. తరువాత, పిల్లవాడికి చలేస్తోంది అన్నాడు. మా ఎవరితోనూ కాదు.

ఆయన తన ఫిర్యాదు హక్కు వదులుకున్నాడు. కొన్ని నెలల తరువాత ఇమాంబాషా బయటపడి రాయచోటి చేరాడు. మళ్లీ స్టీరింగ్ ముట్టలేదని విన్నాను. రత్నానికి ఎగ్జిట్ కూడా అబూ ఫహదే దగ్గరుండి కొట్టించాడు.

ఆ తరువాత నేను శిక్షణ పాఠాలు మొదటి నుంచి చూసుకున్నాను. యాక్సిలరేటర్, స్టీరింగ్, టైర్లు, అన్నీ ఉన్నాయి. గల్ఫులో పనిచేసే మన డ్రైవరుకు ఉన్న అలవాటొకటి మాత్రం ఏ పాఠంలోనూ లేదు. అతను ప్రతిదానికీ అనుమతి అడుగుతాడు. అడిగితే వద్దనే వీలు ఎదుటివాడికి ఉంటుంది, ఆ ఎదుటివాడికి టైర్ల గురించి ఏమీ తెలియకపోయినా సరే. అందుకని కొత్త నియమం పెట్టాను. టైరు, బ్రేకు, నిద్ర, ఈ మూడు విషయాల్లో డ్రైవరు అడగకూడదు. బండి పక్కకు ఆపి, తాళంచెవి తీసేసి, ఆపేశానని చెప్పాలి. క్లాసులో ఒక్కొక్కరి చేత ఆ మాట పైకి అనిపించేవాణ్ణి.

“ముదీర్‌తో అట్ల మాట్లాడితే తెల్లారేసరికి ఊరికి తోలేస్తాడు సార్!” అన్నాడు ఒక పాత డ్రైవరు. ముదీర్ అంటే మేనేజరు. అందరూ నవ్వారు.

నేను రిటైరయ్యేలోపు ఇద్దరు డ్రైవర్లు నిజంగానే అలా బండి ఆపారు. ఇద్దరి బండ్లలోనూ ఎవరికీ ఏమీ కాలేదు. వాళ్లలో ఒకణ్ణి కంపెనీ ఊరికి పంపించేసింది. నేను అడ్డుపడ్డాను, నా మాట చెల్లలేదు. నియమం మాత్రం మార్చలేదు.