బంగారుపాళ్యంలో గేటుకు అడ్డం నిలిచిన ట్రాక్టరు

మామిడి రసం సీసాలకు సీసాలు తాగి పెరిగినవాణ్ణే గానీ, ఆ కాయ కోసే చేతుల గురించి ఏనాడూ ఆలోచించలేదు. బంగారుపాళ్యం మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కార్మిక సంఘం ఎలా పుట్టిందో ఎక్కడా రాసిపెట్టలేదని, ఆ చరిత్రంతా మునెమ్మ అనే పెద్దావిడ నోట్లోనే ఉందని ఒక మిత్రుడు చెప్పాడు. జూన్ చివర్లో, కోత జోరు మీదున్నప్పుడు బయలుదేరాను.

తిరుపతిలో ఉదయం ఆరింటికి బస్సెక్కితే ఎనిమిదికల్లా చిత్తూరు. ఛార్జీ వంద చిల్లర. అక్కడ ఇడ్లీ తిని బెంగళూరు రోడ్డు బస్సు పట్టుకుంటే ముప్పావు గంటలో బంగారుపాళ్యం. ఆటో డ్రైవరు నన్ను ఎగాదిగా చూసి, "ఫ్యాక్టరీకా సార్? లారీలు ఈడిదాకా నిలబడుండాయి. నడిసిపోతేనే మేలు" అన్నాడు. బేరం పోగొట్టుకుని మరీ నిజం చెప్పిన మనిషి! నడిచాను.

గేటు దగ్గర గ్లౌజులు ఇచ్చారు. ఈ ఉడకపోతలో ఇవొకటా అని విసుక్కుంటూ జేబులో కుక్కాను. కాయల్ని ముక్కలు చేసే కోత షెడ్డులో ఎదురొచ్చిన మునెమ్మ అది చూసి, తన అరచేతులు చాపింది. నిండా నల్లటి మచ్చలు.

"కాయ సొన నాయనా. అప్పట్లో ఒట్టి చేతుల్తోనే కోసేవాళ్లం. అన్నం కలుపుకుంటే మంట. గ్లౌజులు అడిగితే ఓనరు నవ్వినాడు."

"అందుకని పని ఆపేశారా?"

"ఊరికే ఆపలేదు. యార్డులోకి వచ్చిన కాయంతా కోసినాం. రైతు కష్టం కదా, కుళ్లబెడితే ఎట్లా? ఆఖరి కాయ అయినాంక కత్తులు కింద పెట్టి, గేటుకు అడ్డం కూసున్నాం. అదే మా సంఘానికి మొదలు."

అంత మంటలోనూ అంత మర్యాద!

బయట మొదట ఆగిన బండి ఆమె తండ్రిదే. ఆ ఏడు పంటంతా ఆ ట్రాక్టరులోనే ఉంది. దారి ఇస్తే సంఘం ఆ రోజే ముగిసిపోతుంది, ఇవ్వకపోతే ఇంటి పంట పోతుంది. మునెమ్మ లేవలేదు.

"నాయన తిట్టుకుంటా దిగొచ్చినాడు. లేపేదానికి నా చెయ్యి పట్టుకున్నాడు. అప్పుడు సూసినాడు నా అరచెయ్యి. అంతవరకూ ఎప్పుడూ సూడలేదు. ఎనక్కి పోయి ట్రాక్టరును గేటుకు అడ్డంగా పెట్టేసినాడు."

మూడో రోజు గ్లౌజులు వచ్చాయి. సంఘమూ నిలబడింది.

"మరి కాయలు?" అన్నాను.

"మెత్తబడి పోయినాయి. ఆ యేడంతా మా ఇంట్లో తాండ్రే!" అని పకపకా నవ్వింది.

తిరుగు బస్సులో ఆ తండ్రే కళ్ల ముందు మెదిలాడు. ఎదురొచ్చే ప్రతి మామిడి ట్రాక్టరుకూ దండం పెట్టాలనిపించింది. ఇదంతా ఏ కాగితం మీదా లేదు గనకే ఇక్కడ రాస్తున్నాను. మీరూ వెళ్లేట్టయితే జూన్, జులైల్లో, ముందుగా అనుమతి అడిగి వెళ్లండి. గేటు దగ్గర గ్లౌజులు ఇస్తారు. ఉడకపోతని విసుక్కోకండి. తొడుక్కోండి.